పళ్ళెం లోపలికి వెళ్ళింది

నాది చిన్నప్పటి నుంచీ అనుమానపు బుద్ధి. కూరలో ముక్కని అటూ ఇటూ తిప్పి చూడనిదే నోట్లో పెట్టుకునేదాన్ని కాదట. "దీనికి కన్నతల్లి వంట మీద కూడా నమ్మకం లేదు తల్లీ" అని మా అమ్మ మచిలీపట్నంలో మా వీధి పొడుగునా చెప్పుకునేది. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడా, ట్యూషన్ మాస్టారు గడియారం ముందుకు తిప్పుతున్నారా, పక్కింటి పిన్నిగారు మా జామచెట్టు వైపు ఎందుకలా చూస్తున్నారు, ఇవే నా ఆలోచనలు. పెద్దయ్యాక ఆ బుద్ధికి సోషియాలజీ అనే గౌరవమైన పేరు దొరికింది. ఇప్పుడు గుడివాడలో ఒక కాలేజీలో ఆ పాఠాలే చెప్పి జీతం తీసుకుంటున్నాను.

ప్రతి ఏడాదీ ఒక పాఠాన్ని మాత్రం సగంలో దాటేస్తాను. 'పరిశీలన పద్ధతి: బలాలు, బలహీనతలు'. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అది. బలాలు హుషారుగానే చెప్తాను. జనం చెప్పేది ఒకటి, చేసేది ఒకటి, కాబట్టి వాళ్ళ మాట మీద ఆధారపడకుండా మన కళ్ళతో మనం చూడొచ్చు. తమ గురించి తాము చెప్పుకోలేని వాళ్ళ బతుకు కూడా తెలుస్తుంది. పని జరుగుతుండగానే దాన్ని రాసుకోవచ్చు. బలహీనతల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గబగబా చదివేసి, "మిగతాది నోట్స్‌లో ఉంది, చూసుకోండి" అని డస్టర్ అందుకుంటాను. ఆ బలహీనతల వెనక దివిసీమలో ఒక రొయ్యల చెరువు ఉంది. దాని గట్టు మీద ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో ఒక మొగుడూ పెళ్ళామూ ఉండేవారు. వాళ్ళకి ఆ షెడ్డే ఇల్లు, ఆ చెరువే ఉద్యోగం. ఆ రెండూ నా నోటి వల్ల పోయాయి.

అప్పుడు నేను రిసెర్చి చేస్తున్నాను. రొయ్యల చెరువుల మీద ఆడవాళ్ళు ఏ పనులు చేస్తారన్నది నా విషయం. మొదట ప్రశ్నల కాగితాలు పట్టుకుని బంటుమిల్లి చుట్టుపక్కల తిరిగాను. ఒకావిడ పొద్దున్నుంచీ వంచిన నడుం ఎత్తకుండా మేత బస్తాలు కడిగి ఆరేస్తోంది. మోచేతుల దాకా బురద. "చెరువు పని ఏమన్నా చేస్తారా అండీ?" అని అడిగాను. "మాకేం పనుంటాదండీ, ఇంటి కాడ ఖాళీగానే ఉంటాం" అంది, చేతిలో బస్తా దులుపుతూనే! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెల తిరిగినా కాగితాల నిండా 'ఖాళీ', 'ఖాళీ', 'ఖాళీ'. వాటిని తీసుకెళ్ళి మా గైడు గారి ముందు పడేశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "మాటలు వదిలెయ్యమ్మా. ఎక్కడన్నా ఒకచోట కూర్చుని చూడు" అన్నారు. నాకు కావలసిందీ అదే. మనుషుల మాట నమ్మక్కర్లేని పద్ధతి ఒకటుందంటే నాకు పండగే కదా!

చూడ్డానికి చెరువు ఇచ్చింది గుడివాడలో ఉండే ఒక మావయ్య. చుట్టరికం ఏమీ లేదు, మా నాన్నకి స్నేహితుడు, చిన్నప్పటి నుంచీ మావయ్యా అనే పిలుపు. ఆయన చెరువులు దివిసీమలో, నాగాయలంక దాటాక. "కూచో అమ్మా, నీ ఇష్టం వచ్చినన్ని రోజులు కూచో. నాక్కూడా అక్కడేం జరుగుతుందో తెలిసినట్టుంటది" అన్నాడు. ఆ రెండో మాట దగ్గర నాకు అనుమానం రావాలి. పాలవాణ్ణీ పిన్నిగారినీ వదలని నా అనుమానం, అసలు రావలసిన చోట రాలేదు. చెరువు దొరికిందన్న సంబరంలో ఉన్నాను.

మచిలీపట్నంలో పొద్దున్నే అవనిగడ్డ బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో, చివర్లో గట్టు మీద నడక. మొదటిరోజు చెరువు కాపలా ఆయన ఎదురొచ్చాడు. యాభై దాటి ఉంటాయి, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. మంగినపూడి దగ్గరి పల్లె వాళ్ళు. సముద్రంలో చేపల వేట మానేసి చెరువు కాపలాకి వచ్చారట. ఆయన భార్య షెడ్డు గుమ్మంలో నిలబడి నన్ను కిందనించి పైదాకా చూసింది. చేతిలో అట్ట, మెడలో గుర్తింపు కార్డు, నెత్తి మీద టోపీ. ఏ ఆఫీసు మనిషిననుకుందో ఏమో.

"అమ్మగారూ, మీరు రాసేది అయ్యగారికి చూపిత్తారా అండీ?" అని ఆయన అడిగాడు.

"చూపించను. ఇది చదువు కోసం. మీ గురించి ఎవరికీ చెప్పను."

"అది కాదండీ. మాకు ఇక్కణ్ణించి ఎల్తే ఉండే చోటు లేదండీ. ఊళ్ళో ఇల్లు గాలివానకి పోయింది. అందుకని అడిగాను, ఏమనుకోకండే."

"ఎవరికీ చెప్పనండీ" అని మళ్ళీ మాటిచ్చాను. ఆవిడ లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, చెరువు మూల మోటారు షెడ్డు నీడలో వేసింది. అక్కణ్ణుంచి వాళ్ళ షెడ్డు ముందు గుమ్మమూ, గట్టూ, చెక్ ట్రేలూ అన్నీ కనిపిస్తాయి. నాకు అంతకన్నా ఏం కావాలి? చూసేవాళ్ళు కలగజేసుకోకూడదు, మాట కలపకూడదు, దూరంగా ఉండాలి, అది నేను నేర్చుకున్న సూత్రం. ఇరవై రోజులూ ఆ కుర్చీ జరపలేదు.

చెక్ ట్రే అంటే పెద్ద జల్లెడలాంటి వల పళ్ళెం, తాడుతో నీళ్ళలోకి దింపుతారు. చెరువంతా మేత చల్లినప్పుడు దాంట్లోనూ కాస్త మేత వేస్తారు. గంటన్నర, రెండు గంటలు ఆగి పైకి లాగి చూస్తారు. మేత మిగిలిందా, రొయ్య పేగు నల్లగా నిండిందా, పెంకు మెత్తగా ఉందా, మచ్చలేమన్నా వచ్చాయా, ఇవన్నీ ఆ పళ్ళెంలోనే తెలియాలి. ట్రే చూసేవాడి కళ్ళ మీద చెరువు నడుస్తుంది. ట్రే దగ్గర ఒక పట్టింపు కూడా ఉంది. అందరు రైతులూ పాటించరు గానీ మా మావయ్యకి మాత్రం ప్రాణం. సీడు, అంటే రొయ్యపిల్లల్ని, వేసిన దగ్గర్నుంచి పెరిగిన రొయ్యల్ని వలేసి పట్టే పట్టుబడి దాకా ఆడమనిషి ట్రే ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చెరువు చెడుతుందని ఆయన గట్టి నమ్మకం. బస్తాలు మొయ్యొచ్చు, బురద ఎత్తొచ్చు, వాటికి అభ్యంతరం లేదు.

అరగంటకొకసారి నేను కాగితంలో టిక్కు పెట్టేదాన్ని. ఒక గడిలో ఆయన, ఒక గడిలో ఆవిడ. మొదటి మూడు రోజులు ఆ షెడ్డు ముందు నేల అద్దంలా ఉంది, ఆవిడ పూటకి రెండుసార్లు ఊడ్చేది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని గట్టెక్కేవాడు. నా కోసమేనని తెలుస్తూనే ఉంది. కొన్నాళ్ళు పోతే నన్ను మర్చిపోతారులే అనుకున్నాను. పుస్తకాల్లో అలాగే ఉంటుంది.

నాలుగో రోజో ఐదో రోజో గమనించాను. ఆయన ట్రే పైకి లాగుతాడు. చాలాసేపు వంగి చూస్తాడు, చేత్తో మేత తడిమి చూస్తాడు. తర్వాత నాలుగైదు రొయ్యల్ని స్టీలు పళ్ళెంలో వేసుకుని, అటూ ఇటూ ఒకసారి తలతిప్పి, షెడ్డులోకి వెళ్తాడు. కాసేపటికి ఉత్త చేతులతో బయటికొస్తాడు. మేత వేసిన ప్రతిసారీ ఇదే తంతు. పళ్ళెం లోపలికి వెళ్ళింది. రొయ్యలు బయటికి రాలేదు. ఇదీ నేను రాసుకున్నది.

అంతవరకూ రాసి ఊరుకుంటే బాగుండేది. నా బుద్ధి ఊరుకుంటుందా! కూరకేమో అనుకుని ముక్కు పెట్టి చూశాను. రొయ్యల వేపుడు వాసన గాలివాటుకి మైలు దూరం వస్తుంది. ఒక్కరోజు కూడా రాలేదు. మధ్యాహ్నం వాళ్ళు తినేది పచ్చిపులుసూ మజ్జిగాను. వండుకోవడం లేదంటే అమ్ముకుంటున్నారన్నమాట! వెనక్కి తిరిగి చూసుకుంటే నా తల నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. ఒక్క ముక్కకీ సాక్ష్యం లేదు, వాసన రాలేదన్న సంగతి తప్ప. ఆ రోజు నుంచి వాళ్ళ ప్రతి కదలికా నాకు దొంగ కదలికే. ఆయన దగ్గితే సైగ. ఆవిడ గుమ్మంలోంచి తొంగి చూస్తే కాపలా. గట్టు మీద పాల మోపెడ్ ఆగితే సరుకు దాటిపోతోంది! నోటుబుక్కు నిండా రాశాను. అంత శ్రద్ధగా నేను మళ్ళీ ఎప్పుడూ రాయలేదు.

ఒక ఆదివారం గుడివాడలో మావయ్య వాళ్ళింట్లో భోజనం. పులిహోర వడ్డిస్తూ, "ఏమ్మా, మన చెరువు కాడ ఏం కనిపెట్టావు?" అన్నాడు. చెప్పకూడదని తెలుసు. మాటిచ్చానని కూడా గుర్తుంది. రెండు ముద్దలు తినేదాకా ఆపుకున్నాను. కానీ కనిపెట్టాను కదా! నా అంత చదువు లేని వాళ్ళు నా ముందే నన్ను మోసం చేద్దామనుకుంటే పట్టేసుకున్నాను కదా! ఎవరికన్నా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. కాగితాలు చూపించడం లేదుగా, మాటవరసకి అంటే ఏమైంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని, "పళ్ళెం లోపలికి వెళ్తోంది మావయ్యా, తిరిగి రావడం లేదు" అనేశాను.

ఆయన గరిట పక్కన పెట్టాడు. "చదువుకున్న పిల్లవి. నా కళ్ళు తెరిపించావు తల్లీ" అన్నాడు. నిజం చెప్తున్నాను, ఆ మాటకి నేను పొంగిపోయాను.

మర్నాడు పొద్దున నేను కుర్చీలో ఉండగానే ఆయన కారు గట్టు మొదట్లో ఆగింది. కాపలా ఆయన అప్పుడే ట్రే లాగి, పళ్ళెంతో లోపలికి వెళ్ళాడు. మావయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు లేకుండా షెడ్డు వెనక్కి నడిచాడు. షెడ్డుకి వెనక వైపు కూడా గుమ్మం ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఇరవై రోజులు నేను చూసింది ముందు గుమ్మం ఒక్కటే. నేను కూడా ఆయన వెనకాలే పరుగెత్తాను.

వెనక గుమ్మం సరాసరి చెరువు మీదికే ఉంది. గడప మీద ఆవిడ కూర్చుని, ఒక రొయ్యని రెండు వేళ్ళతో పట్టుకుని ఎండకేసి ఎత్తి చూస్తోంది. ఆవిడ భర్త పక్కన గొంతుక్కూచుని వింటున్నాడు.

"పేగు నిండుగానే ఉంది. పెంకు కూడా గట్టిపడింది. పొద్దుటంత మేతే ఎయ్యి, పెంచమాక" అంటోంది. చూసిన రొయ్యని మెల్లగా నీళ్ళలోకి వదిలేసింది. ఇంకోటి తీసింది.

ఇదా! రోజూ లోపలికెళ్ళి బయటికి రాని రొయ్యలు ఇవా!

"ట్రే నువ్వు చూత్తన్నావా?" అన్నాడు మావయ్య. ఆవిడ చేతిలో పళ్ళెం జారి గడప మీద పడింది.

ఆయన లేచి నిలబడ్డాడు. మా ఇద్దరివైపూ కాకుండా మా మధ్యకి చూస్తూ చేతులు కట్టుకున్నాడు. "నాకు కళ్ళు సరిగా కనపట్టల్లేదండీ అయ్యగారూ. షుగరండీ. పెద్దాసుపత్రిలో చూపించుకుంటే ఇంక రావన్నారు. మేత ఎంత మిగిలిందో చేత్తో తెలుసుద్ది గానీ పేగూ మచ్చా తెలవదండీ. అది మా ఆడది చూసి చెబుద్ది."

"ఎన్నాళ్ళనించి?"

"రెండు పంటలబట్టండీ."

ఆ రెండు పంటలూ మావయ్య చెరువుల్లో ఇదే అన్నిటికన్నా బాగా పండిందని ఆయన నోటే విన్నాను. ఆయనకీ ఆ సంగతి గుర్తొచ్చిందనుకుంటాను, చెరువు వైపు ఒకసారి చూశాడు. తర్వాత మొహం ఎర్రగా చేసుకుని, "నా చెరువు తీసుకెళ్ళి ఆడదాని చేతిలో పెట్టార్రా! సాయంత్రానికి షెడ్డు ఖాళీ చెయ్యండి" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మావయ్యా, దొంగతనం కాదు కదా! రొయ్యలు మళ్ళీ చెరువులోకే వదులుతోంది, చూశావు కదా!"

"దొంగతనమైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణమ్మా. చేతివాటం ఎక్కడ లేదు? ఇది అట్టాంటిది కాదు" అన్నాడు. దొంగలనుకుని చెప్పాను. దొంగలైతే వాళ్ళకి షెడ్డు మిగిలేది.

ఆవిడ భర్త గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆవిడే గిన్నెలు గోతంలో సర్దింది. నేను పక్కన నిలబడి, "నాకు తెలియదండీ, నేను వేరేగా అనుకున్నాను" అని గొణుక్కుంటున్నాను. ఆవిడ అప్పటిదాకా నాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండదు. గోతం మూతి కడుతూ నావైపు తిరిగింది.

"మీరు మజ్జిగన్నం తిని కునుకు తీసినప్పుడల్లా నేను గట్టెక్కి నాలుగు ట్రేలూ నా చేత్తో లాగి చూసుకునేదాన్నండీ. మీకు మెలకువ వచ్చే టైము నాకు తెలుసు. మీరు మమ్మల్ని చూత్తన్నారని నేను మిమ్మల్ని చూత్తానే ఉన్నాను." తాడు ముడి పళ్ళతో బిగించి మళ్ళీ అంది. "ఇరవై రోజులు కూచున్నారు. ఒక్కరోజన్నా గుమ్మం కాడికొచ్చి మంచినీళ్ళు అడిగితే, ఆ పళ్ళెం ఏంటమ్మా అని అడిగితే, నేనే చెప్పేదాన్ని కదండీ."

సాయంత్రం షేర్ ఆటోలో వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. ఆయన ముందు అడుగు వేయడానికి ఆవిడ భుజం పట్టుకున్నాడు. ఇంక దాచాల్సిన పని లేదు కాబట్టి పట్టుకున్నాడు. ఇరవై రోజుల్లో ఆయన ఆవిడ భుజం పట్టుకోవడం నేను చూసింది అదే మొదలు.

తర్వాత నేను చేసింది కూడా చెప్పాలి. నా కాగితాల్లో ఆవిడ గడి దగ్గర, చెరువు పని అన్నచోట, రోజూ సున్నాయే ఉంది. ఆ చెరువుని కళ్ళలో పెట్టుకుని నడిపిన మనిషికి సున్నా. నా మధ్యాహ్నపు కునుకు కాగితంలో ఎక్కడా లేదు. ఆవిడ నిజంగా ట్రే చూడ్డం నా కంటబడింది ఆ చివరి రోజు ఒక్కటే. గైడు గారు అది మామూలు రోజు కాదు కాబట్టి తీసెయ్యమన్నారు. తీసేశాను. మిగతా సున్నాలన్నీ పట్టికలో ఎక్కాయి. కింద ఒక వాక్యం రాశాను: 'పరిశీలకుల సమక్షం వల్ల ప్రవర్తనలో కొంత మార్పు వచ్చి ఉండవచ్చు.' కొంత మార్పట! పట్టా చేతికిచ్చిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి, అయినా ఆ పుస్తకం ఇంకా లైబ్రరీలో అలాగే ఉంది.

ఈ మధ్య మచిలీపట్నం వచ్చినప్పుడు ఒక ఆదివారం చేపలకని మంగినపూడి వెళ్ళాను. ఆటో దిగి నాలుగడుగులు వేశానో లేదో, రోడ్డు వార కూర్చుని రొయ్యలు అమ్ముతోంది ఆవిడ. జుట్టు తెల్లబడింది. పక్కన ఆయన, నల్ల కళ్ళద్దాలు, చేతిలో ఈగలు తోలే విసనకర్ర. కాళ్ళు వాటంతటవే రోడ్డుకి ఇవతల ఆగిపోయాయి. కొబ్బరిబోండాల బండి చాటున నిలబడి ఎంతసేపు చూశానో నాకే తెలియదు. ఆయన భోంచేసినట్టున్నాడా, బట్టలు మంచివేనా, ఎవరైనా వాళ్ళతో పోట్లాడుతున్నారా, ఉండడానికి ఇల్లుందా. చూస్తే ఇల్లు ఎలా తెలుస్తుంది? అప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండింది. మళ్ళీ అదే పని! బండి చాటు వదిలి రోడ్డు దాటాను.

ఆవిడ తలెత్తింది. గుర్తుపట్టింది. అందులో నాకు అనుమానం లేదు, చేతిలో రొయ్య అలాగే ఆగిపోయింది.

ఎవరో వచ్చి నిలబడ్డారని ఆయనకి అలికిడి తెలిసింది. "ఎవురే?" అన్నాడు.

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను నోరు తెరిచాను.

"ఎవురో లే మావా, రొయ్యలకొచ్చారు" అని నాకన్నా ముందే చెప్పేసింది. మంచి రొయ్యలు ఏరి, సంచిలో వేసి, చేతికిచ్చింది. తీసుకున్నాను. డబ్బులిచ్చాను. ఆయన నవ్వుతూ, "ఇయ్యాల్టియ్యేనండీ, మా ఆడది చూసి ఏరింది" అన్నాడు.

ఆయన పాత గాయం మళ్ళీ రేగకుండా ఆపిందా, నలుగురిలో నా పరువు కాపాడిందా, లేకపోతే వాళ్ళ బతుకులోకి నన్ను మళ్ళీ రానివ్వకూడదనుకుందా? తిరుగు ఆటోలో, చల్లటి సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ మొహాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో. అంత దగ్గర నుంచి చూసినా ఏమీ తెలియలేదు. అడిగితే చెప్పేది. ఆవిడ ముందు అంతసేపు నిలబడి కూడా నేను అడగలేదు.